మదుర వీధులను తెలుగులో చదివిద్దాం



మన వైపు పెద్ద నగరమంటే మదురయే. పెళ్ళి బట్టలకు, వైద్యానికి, మీనాక్షీదేవి దర్శనానికి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్తూనే ఉంటాము. ఆ నగర నిర్మాణంలో, తాము ఇంట్లో మాట్లాడే భాషవారికి కూడా పాలున్నదని ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి? ఆ బాధ్యత మనదే.

గుడి నుండే మొదలుపెట్టండి. ప్రాకారం లోపల ఆడి వీధులు, వెలుపల చిత్తిరై వీధులు, వాటిని చుట్టి ఆవణి మూల వీధులు, ఆపైన మాసి వీధులు. విజయనగర ప్రతినిధిగా వచ్చి 16వ శతాబ్దంలో నాయక రాజ్యాన్ని స్థాపించిన విశ్వనాథ నాయకుడు నగరాన్ని ఇలా తీర్చిదిద్దాడని ప్రతీతి. ఆ పేర్లన్నీ నెలల పేర్లే. ఆడి అంటే మన ఆషాఢం, చిత్తిరై చైత్రం, ఆవణి శ్రావణం, మాసి మాఘం. తమిళ నెలలు సౌరమానం, మనవి చాంద్రమానం గనుక రోజులు సరిగ్గా కలవవు. రెండు భాషలకూ, రెండు పంచాంగాలకూ ఇంతకంటే చక్కని పాఠం ఎక్కడ దొరుకుతుంది?

మీనాక్షీ కల్యాణం పూర్వం మాసి నెలలో జరిగేదని, తిరుమల నాయకుడు (1623–1659) దానిని చిత్తిరైకి మార్చి అళగర్ ఉత్సవంతో కలిపాడని చెబుతారు. అందుకే చిత్తిరై ఉత్సవంలో రథం నేటికీ మాసి వీధులలోనే సాగుతుంది. శైవులకు, వైష్ణవులకు ఒకే పండుగను కల్పించిన ఆ రాజు ఇంటి భాష తెలుగని పిల్లలకు చెప్పండి. 1636లో ఆయన కట్టించిన మహలులో నేడు మిగిలినది కొంత భాగమే. గుడికి తూర్పున ఉన్న పుదుమండపంలో నాయక రాజుల శిల్పాలు స్తంభాలపై నిలిచి ఉన్నాయి.

అయితే మదుర మన ఒక్కరిదే అనుకోరాదు. మహలు చుట్టుపక్కల సౌరాష్ట్రులు నివసిస్తారు. వారు గుజరాతు నుండి విజయనగరం మీదుగా వచ్చిన నేతగాళ్ళని వారి సంప్రదాయం. సుంగుడి చీర వారి చేతిపనియే. వారి మాటలలో మన తెలుగు పదాలు అనేకం కలిసిపోయాయి. ఖాజీమార్ వీధిలో ప్రాచీనమైన మసీదు ఉన్నది. 1840 ప్రాంతంలో కలెక్టరు బ్లాక్‌బర్న్ కోటగోడలను పడగొట్టించి అగడ్తను పూడ్పించగా ఏర్పడినవే వెళి వీధులు. ఆ పనిని నడిపిన వారి పేర్లే మారెట్ వీధికి, పెరుమాళ్ మేస్త్రీ వీధికి నిలిచాయి. తమిళులు, తెలుగువారు, సౌరాష్ట్రులు, ముస్లిములు, ఆంగ్లేయులు అందరూ ఆ నగరంపై తమ గుర్తు వేసినవారే.

మనవారు వేసిన గుర్తు రాతిలోనే కాదు, అక్షరంలోనూ ఉన్నది. పద్యమే కావ్యమనుకొనే కాలంలో మదుర నాయకుల కొలువులో తెలుగు వచనం వికసించింది. రాజధాని తిరుచిరాపల్లికి మారిన తరువాత పాలించిన విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తానే శ్రీరంగ మాహాత్మ్యాన్ని, మాఘ మాహాత్మ్యాన్ని వచనంలో రచించాడు. ఆయన ఆస్థానంలోని సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా వ్రాశాడు. నేడు మనం పిల్లలకు నేర్పే వచన రచనకు ఈ దక్షిణ సీమ కూడా ఒక పుట్టినిల్లే.

ఇంటికి ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురం చూడండి. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినది అక్కడే. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అక్కడి ముద్రణాలయంలోనే తెలుగు లిపిలో అచ్చయింది. మన ఊరి పక్కన అచ్చయిన ఆ మహాగ్రంథం పేరునైనా మన పిల్లలలో ఎందరు కూడబలుక్కొని చదవగలరు?

బాధ అంతా ఇక్కడే ఉన్నది. ఇంట్లో తెలుగు మాట వినిపిస్తుంది, పలకపై తెలుగు అక్షరం కనిపించదు. 2006 చట్టం తరువాత ఒకటో తరగతి నుండి తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మనకు మేలే, అది మనం బ్రతికే నేల భాష. కాని దానికోసం తెలుగు అక్షరాన్ని వదులుకోనక్కరలేదు. మదుర అయిదు భాషలకు చోటిచ్చినప్పుడు, ఒక పిల్లవాని పలక రెండు లిపులకు చోటివ్వదా?

కనుక ఈసారి మదురకు వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకువెళ్ళండి. పలకలపై తమిళంలో ఉన్న వీధి పేర్లను పిల్లలచేత తెలుగు లిపిలో వ్రాయించండి. ఆ నెలను మన ఇంట్లో ఏమంటారో అవ్వను అడిగి రమ్మనండి. తిరిగివచ్చాక అయిదు వాక్యాలు తెలుగులో వ్రాయమనండి. తప్పులుంటే దిద్దుదాం. ముందు వ్రాయనిద్దాం.