మిల్లర్ వర్సెస్ అలబామా

మిల్లర్ వర్సెస్ అలబామా అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాల సుప్రీం కోర్టు 2012 జూన్ 25న వెలువరించిన ఒక ముఖ్యమైన తీర్పు. 18 ఏళ్ళు నిండకముందు హత్య చేసినవారికి పెరోల్ లేని యావజ్జీవ శిక్షను తప్పనిసరి చేసే చట్టాలు రాజ్యాంగ విరుద్ధమని ఈ తీర్పు ప్రకటించినది. ఆ శిక్షను బాలలకు పూర్తిగా నిషేధించలేదు. న్యాయమూర్తికి మరొక శిక్ష విధించే వీలే లేకుండా చేయటాన్ని మాత్రమే నిషేధించినది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చును గాని, తరువాతి వివాదాలు చాలావరకు దాని నుండే పుట్టాయి.

పెరోల్ అనే మాట

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక విషయం గమనించాలి. మన దేశంలో పెరోల్ అంటే ఖైదీ ఇంట్లో పెళ్ళికో, చావుకో వెళ్ళి రావటానికి ఇచ్చే తాత్కాలిక విడుదల. అమెరికాలో దాని అర్థం వేరు. శిక్షలో కొంత కాలం గడిపిన ఖైదీ ప్రవర్తనను ఒక బోర్డు పరిశీలించి, మిగిలిన కాలాన్ని షరతులపై జైలు బయట గడపటానికి అనుమతించటాన్ని అక్కడ పెరోల్ అంటారు. కనుక పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడినవాడు, గవర్నరు క్షమాభిక్ష వంటి అరుదైన సందర్భాలలో తప్ప, జైలులోనే మరణించవలసి ఉంటుంది.

నేరం

ఇవాన్ మిల్లర్ అలబామా రాష్ట్రంలోని లారెన్స్ కౌంటీకి చెందినవాడు. తల్లి మద్యానికి, మాదకద్రవ్యాలకు బానిస. సవతి తండ్రి హింసించేవాడు. అందువలన మిల్లర్ బాల్యంలో కొంత భాగం ప్రభుత్వం ఏర్పాటు చేసిన సంరక్షకుల ఇళ్ళలో గడిచింది. తానూ మత్తుకు అలవాటు పడ్డాడు. నాలుగుసార్లు ఆత్మహత్యకు ప్రయత్నించాడు. మొదటి ప్రయత్నం నాటికి అతడు ఇంకా బడిలో అక్షరాలు దిద్దే వయసువాడు.

2003 జూలైలో ఒక రాత్రి, పొరుగున ఉండే ఒక వ్యక్తి మాదకద్రవ్యాల బేరం కోసం మిల్లర్ తల్లి వద్దకు వచ్చాడు. అప్పటికి మిల్లర్ వయసు 14 సంవత్సరాలు. మిల్లర్, అతని స్నేహితుడు ఆ వ్యక్తి వెంట అతని ట్రెయిలర్ ఇంటికి వెళ్ళారు. ముగ్గురూ గంజాయి పీల్చి, పందెం వేసుకుని మద్యం తాగారు. ఆ వ్యక్తి మత్తులో పడిపోగానే మిల్లర్ అతని పర్సు తీశాడు. అందులోని సుమారు 300 డాలర్లను ఇద్దరూ పంచుకున్నారు. ఖాళీ పర్సును తిరిగి జేబులో పెట్టబోతుండగా ఆ వ్యక్తి మేల్కొని మిల్లర్ గొంతు పట్టుకున్నాడు. స్నేహితుడు బేస్‌బాల్ బ్యాటుతో అతనిని కొట్టాడు. ఆ తరువాత మిల్లర్ అదే బ్యాటు తీసుకుని పదేపదే కొట్టాడు. ఇద్దరూ అక్కడి నుండి వెళ్ళిపోయి, కొంతసేపటికి తిరిగి వచ్చి, సాక్ష్యం మిగలకుండా ఇంటికి నిప్పు పెట్టారు. బాధితుడు దెబ్బల వలన, పొగ పీల్చటం వలన మరణించాడు.

విచారణ

కేసు మొదట బాలల న్యాయస్థానానికి వచ్చినది. ప్రాసిక్యూషన్ కోరిక మేరకు దానిని పెద్దల న్యాయస్థానానికి బదిలీ చేశారు. నేరం దోపిడీతో మొదలైనా, మోపిన అభియోగం మాత్రం గృహదహనం చేస్తూ హత్య చేయటం. స్నేహితుడు తక్కువ తీవ్రత గల నేరాన్ని అంగీకరించి, మిల్లర్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. అతనికి పెరోల్‌కు అవకాశమున్న యావజ్జీవ శిక్ష పడింది. 2006లో జ్యూరీ మిల్లర్‌ను దోషిగా నిర్ణయించినది. ఆ నేరానికి అలబామా చట్టం ప్రకారం బాలునికి వేయదగిన శిక్ష పెరోల్ లేని యావజ్జీవం ఒక్కటే. అతని వయసు గాని, పెరిగిన ఇంటి పరిస్థితులు గాని శిక్షను మార్చలేవు.

సుప్రీం కోర్టు తీర్పు

సుప్రీం కోర్టు ఈ కేసును ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన జాక్సన్ వర్సెస్ హాబ్స్ అనే మరొక కేసుతో కలిపి విచారించినది. జాక్సన్ కూడా 14 ఏళ్ళవాడే. 1999లో ఒక వీడియో దుకాణం దోపిడీలో పాల్గొన్నాడు. దుకాణ ఉద్యోగినిని కాల్చినది అతడు కాదు, అతని సహచరుడు. ఇద్దరి తరఫున బ్రయాన్ స్టీవెన్సన్ అనే న్యాయవాది వాదించాడు.

5-4 మెజారిటీతో వచ్చిన తీర్పును జస్టిస్ ఎలీనా కేగన్ వ్రాసినది. క్రూరమైన, అసాధారణమైన శిక్షలను నిషేధించే 8వ రాజ్యాంగ సవరణ దీనికి ఆధారం. తీర్పు రెండు పాత దారులను కలిపినది. ఒకటి, బాలలు పెద్దలతో సమానం కారని చెప్పిన రోపర్ (2005), గ్రాహమ్ (2010) తీర్పులు. వీటిలో మొదటిది బాలలకు మరణశిక్షను, రెండవది హత్యేతర నేరాలకు పెరోల్ లేని యావజ్జీవాన్ని నిషేధించాయి. రెండవ దారి, తప్పనిసరి మరణశిక్షను కొట్టివేసిన వుడ్సన్ (1976) తీర్పు. మన సుప్రీం కోర్టు కూడా 1983లో మిట్ఠూ కేసులో దాదాపు ఇదే తర్కంతో, తప్పనిసరి మరణశిక్ష విధించే భారత శిక్షాస్మృతి 303వ సెక్షనును కొట్టివేసినది.

శిక్ష విధించే ముందు న్యాయమూర్తి నేరస్థుని వయసు, అపరిపక్వత, ముందువెనుకలు ఆలోచించని తత్వం, తాను తప్పించుకు పోలేని ఇంటి వాతావరణం, నేరంలో అతని పాత్ర, తోటివారి ఒత్తిడి, మారే అవకాశం మొదలైనవాటిని చూడాలని కోర్టు చెప్పినది. మిల్లర్ చేసినది ఘోరమైన హత్యేనని తీర్పు అంగీకరించింది. అయినా అతనిని అంత దూరం తీసుకువెళ్ళినదేమిటో వినకుండా శిక్ష వేయరాదన్నది దాని సారాంశం.

ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ విభేదించాడు. అప్పటికే 2,000 మందికి పైగా ఖైదీలు ఈ శిక్ష అనుభవిస్తున్నారు, అనేక రాష్ట్రాల శాసనసభలు దీనిని ఆమోదించాయి, కాబట్టి దీనిని అసాధారణమని ఎలా అంటారన్నది అతని ప్రశ్న. ఈ వాదన తేలికగా తోసివేయదగినది కాదు.

తరువాతి పరిణామాలు

పాత కేసులకు ఈ తీర్పు వర్తిస్తుందా అన్న సందేహాన్ని 2016లో మాంట్‌గోమరీ వర్సెస్ లూయిసియానా తీర్పు తీర్చి, వర్తిస్తుందని చెప్పినది. 1963లో, 17 ఏళ్ళ వయసులో చేసిన హత్యకు జైలుకు వెళ్ళిన మాంట్‌గోమరీ 2021 నవంబరులో, 75 ఏళ్ళ వయసులో విడుదలయ్యాడు. జాక్సన్ 2017లో విడుదలయ్యాడు. సగానికి పైగా రాష్ట్రాలు బాలలకు ఈ శిక్షను పూర్తిగా రద్దు చేశాయి.

అలబామా మాత్రం 2016లో చట్టాన్ని సవరించి, న్యాయమూర్తికి రెండు శిక్షల మధ్య ఎంపికను ఇచ్చింది: పెరోల్ లేని యావజ్జీవం, లేదా 30 ఏళ్ళ తరువాత పెరోల్‌కు అర్హత గల యావజ్జీవం. 2021 ఏప్రిల్ 22న జోన్స్ వర్సెస్ మిస్సిసిప్పి కేసులో సుప్రీం కోర్టు, నేరస్థుడు ఎన్నటికీ బాగుపడడని న్యాయమూర్తి విడిగా నిర్ధారించనవసరం లేదని, ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే చాలునని 6-3తో తీర్పు చెప్పినది. అదే నెలలో లారెన్స్ కౌంటీ న్యాయమూర్తి మిల్లర్‌కు శిక్షను మళ్ళీ నిర్ణయించాడు. ఈసారి అతని బాల్యం గురించిన సాక్ష్యాలు విన్న తరువాత, చట్టం ఇచ్చిన రెండు శిక్షలలో పెరోల్ లేని యావజ్జీవాన్నే విధించాడు.