పెళ్లి పేరుతో బేరం: కొడుకులపై మోజు ఆడపిల్లల అమ్మకం దాకా ఎలా వెళ్తుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఆడపిల్ల ఉన్న ఇంట్లో లగ్గం మాట ఎత్తగానే ముందు వచ్చేది 'జోడే కీ రఖం' లెక్క. నగదు ఎంత, బంగారం ఎంత, బండి పెట్టాలా వద్దా అని. చాలా ఇళ్లల్లో తండ్రి దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటాడు, తల్లి బీడీలు చుడుతూ ఇల్లు నెట్టుకొస్తుంది. అలాంటి ఇంటికి "పైసా వద్దు, లగ్గం ఖర్చు కూడా మాదే" అంటూ దూరం నుంచి ఒక సంబంధం వస్తే బరువు దిగినట్టే ఉంటుంది. పెళ్లి పేరుతో అమ్మాయిలను అమ్మే దళారులు వాడే మాట కూడా ఇదే.

వధువుల అక్రమ రవాణా అంటే?

మోసం చేసో, బలవంతం పెట్టో, ఇంటి పేదరికాన్ని వాడుకునో ఒక అమ్మాయిని డబ్బుకు మరొకరికి అప్పగించి దానికి పెళ్లి అని పేరు పెట్టడం. ఖాజీ వచ్చాడా, ఫొటోలు దిగారా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. చేతులు మారిన పైసలు ఎవరికి పోయాయి, అమ్మాయికి నిజం తెలుసా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కొరత ఎక్కడ మొదలైంది?

సహజంగా వెయ్యి మంది మగపిల్లలు పుడితే 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లలను చూస్తే వెయ్యి మంది మగపిల్లలకు హర్యానాలో 819, పంజాబ్‌లో 798 మంది ఆడపిల్లలే ఉన్నారు. 2011లో హర్యానాలో 834, పంజాబ్‌లో 846. కొడుకే కావాలని స్కానింగ్ చేయించి కడుపులోనే ఆడపిల్లను తీసేయించడం దీనికి పెద్ద కారణం.

ఆ మగపిల్లలకు ఇప్పుడు పెళ్లి వయసు వచ్చింది. భూమి, ఉద్యోగం ఉన్నవాళ్లకు ఎలాగో పిల్ల దొరుకుతుంది. పేదవాళ్లకు, వయసు మీరినవాళ్లకు దొరకదు. అక్కడికి దళారి వస్తాడు. అసోం, బెంగాల్, బీహార్, జార్ఖండ్, ఒడిశా నుంచి అమ్మాయిలను తెచ్చి అప్పగిస్తాడు. ఇలా వచ్చినవాళ్లను హర్యానాలో 'పారో', 'మోల్కీ' అంటారు. మోల్కీ అంటే కొనుక్కొచ్చినది అని అర్థం. మేవాత్ ప్రాంతంలో ముస్లిం కుటుంబాల్లోనూ ఈ పేర్లు మోస్తున్న ఆడవాళ్లు ఉన్నారు. అక్కడి భాష రాదు, పుట్టిల్లు దూరం, కష్టం చెప్పుకోవడానికి మనిషి ఉండడు. కొందరిని మళ్లీ ఇంకొకరికి అమ్మేసిన సంఘటనలూ ఉన్నాయి.

ఇది మన దేశంతో ఆగలేదు. చైనాలో 2020 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్లకంటే మగవాళ్లు దాదాపు 3.5 కోట్ల మంది ఎక్కువ. మయన్మార్, వియత్నాం, పాకిస్తాన్ నుంచి అక్కడికి అమ్మాయిలు వధువులుగా అమ్ముడుపోయారు. పాకిస్తాన్ నుంచి అలా వెళ్లిన 629 మంది జాబితా గురించి అసోసియేటెడ్ ప్రెస్ 2019లో బయటపెట్టింది.

మన దగ్గర లెక్క

2011లో పాత కరీంనగర్ జిల్లా మొత్తం జనాభాలో మగవాళ్లకంటే ఆడవాళ్లే కాస్త ఎక్కువ. అది చూసి మనకేం ఢోకా లేదనుకోవద్దు. పెద్దవాళ్ల లెక్క వేరు, పిల్లల లెక్క వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో ఆడపిల్లల సంఖ్య 2001లో వెయ్యికి 961 ఉంటే 2011కి 939కి పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పుట్టిన పిల్లల్లో ఈ సంఖ్య 894.

కొడుకులపై మోజు రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒక చోట ఆడపిల్లను పుట్టనివ్వదు, కొరత తెస్తుంది. ఇంకో చోట పుట్టిన ఆడపిల్లను అప్పుగా చూపిస్తుంది, ఎప్పుడెప్పుడు దించుకుందామా అనిపిస్తుంది. దళారి ఈ రెండు ఇళ్ల మధ్య తిరుగుతాడు.

కొరత లేని చోట కూడా ఆ రెండో భయం చాలు. హైదరాబాద్‌లో గల్ఫ్ షేకుల పెళ్లిళ్లే దానికి గుర్తు. 1991లో అరవై ఏళ్ల సౌదీ వ్యక్తి వెంట వెళ్తున్న పాతబస్తీ చిన్నపిల్లను విమానంలో ఎయిర్‌హోస్టెస్ గుర్తించి కాపాడింది. 2017 సెప్టెంబర్‌లో ఒమన్, ఖతర్ దేశాలవాళ్లు ఎనిమిది మందిని, వాళ్లతో పాటు ఖాజీలను, దళారులను, లాడ్జి యజమానులను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు.

చట్టం ఏమంటుంది?

1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం, చెప్పమని అడగడం రెండూ నేరమే. మూడేళ్ల దాకా జైలు, జరిమానా. గర్భిణిని ఇంట్లోవాళ్లే ఒత్తిడి పెట్టి ఉంటారని చట్టం ముందే అనుకుంటుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మనుషుల అక్రమ రవాణాకు సెక్షన్ 143 ఉంది. ఏడు నుంచి పదేళ్ల జైలు. బాధితురాలు మైనర్ అయితే పదేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. "పిల్ల ఒప్పుకుంది కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. మైనర్‌ను పెళ్లి కోసం అమ్మితే, బాల్యవివాహ నిషేధ చట్టం (2006) సెక్షన్ 12 ప్రకారం ఆ పెళ్లే చెల్లదు.

మెహర్ వేరు, వెల వేరు

మెహర్ అమ్మాయి హక్కు, అది ఆమె చేతికే అందాలి. తండ్రికో, మామకో, సంబంధం తెచ్చిన మషాతాకో అబ్బాయి తరఫువాళ్లు ఇచ్చే పైసలు మెహర్ కావు. అమ్మాయి ఇజాజత్ లేనిదే నికా ముందుకు పోకూడదు. కూతురు పుట్టిందని తెలిసి ముఖం మాడ్చుకునేవాళ్లను ఖురాన్‌లోని నహ్ల్ సూరా తప్పుపడుతుంది.

సంబంధం ఒప్పుకునే ముందు

* అబ్బాయి ఊరికి ఇంటివాళ్లు ఇద్దరైనా వెళ్లి చూడాలి. ఫొటో, వీడియో కాల్ చాలవు. అక్కడి మస్జిద్ కమిటీని, పక్కింటివాళ్లను అడగాలి.
* వారంలో లగ్గం కావాలి, వేరే ఊళ్లో చేద్దాం, ఎవరికీ చెప్పొద్దు అంటే ఆగాలి.
* నికా మీ ప్రాంత ఖాజీ దగ్గరే చేయించి సియాహానామా కాపీ తీసుకోవాలి.
* అమ్మాయి ఆధార్, ఫోన్ ఆమె దగ్గరే ఉండాలి.
* అమ్మాయికి 18 నిండాలి. షాదీ ముబారక్ కింద వచ్చే రూ. 1,00,116కు కూడా ఇది షరతే.

అనుమానం వస్తే 112కు, ఆడవాళ్ల సహాయానికి 181కు, పిల్ల మైనర్ అయితే 1098కు ఫోన్ చేయొచ్చు. జిల్లాలోని సఖి కేంద్రానికి, షీ టీమ్‌కు కూడా చెప్పొచ్చు.

కట్నం వద్దన్న ప్రతి సంబంధం మోసం కాదు. అలా అడగకుండా చేసుకునే మంచి కుటుంబాలు ఉన్నాయి. కానీ మంచి కుటుంబమైతే, మీరు వచ్చి చూస్తామన్నా, కాగితాలు అడిగినా కోపం తెచ్చుకోదు.