మెడలోంచి బోరులోకి

ఆగస్టు చివరి వారం. కదిరిలో బ్యాంకు తలుపులు తెరిచి పావుగంట కాలేదు, బంగారం కుదువ పెట్టే బల్ల ముందు బెంచీ అప్పుడే నిండిపోయింది. మీ పక్కన కూర్చున్నామె కొంగు ముడి విప్పుతోంది. అందులో ఒక సరుడు, ఒక జత కమ్మలు. తాళిబొట్లు రాత్రే సరుడులోంచి తీసి పసుపుతాడుకు కట్టుకుంది. తాడు ఇంకా కొత్తది, మెడంతా పసుపు.

"రాళ్లు, లక్క తూకంలో తీసేస్తానమ్మా" అంటాడు అప్రైజరు. సరుడును గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, గీత చెరుగుతుందేమోనని చూస్తాడు. ఆమె కూడా మెడ సాచి చూస్తుంది. గీత నిలిచింది.

ఊళ్లో వేరుశనగకు ఊడలు దిగే సమయం. ఇప్పుడు నేల మెత్తగా ఉండాలి. మూడు వారాలుగా చినుకు లేదు, ఎర్ర నేల గట్టిపడి ఊడ మొన లోపలికి దిగడం లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఎంత పడిందన్నది ఒక ఎత్తు, ఎప్పుడు పడిందన్నది ఒక ఎత్తు. ఈ వారం పడకపోతే వచ్చే నెల పడినా కాయ రాదు. అందుకే భర్త బోరు వేయిద్దామన్నాడు. అందుకే వాళ్లిద్దరూ ఇక్కడున్నారు.

"పాసుపుస్తకం తెచ్చినారా?"

ఆయన ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇస్తాడు. పంట రుణం కింద రాస్తే వడ్డీ తక్కువ. పంట రుణానికి భూమి కాగితం కావాలి. భూమి ఆయన పేరున ఉంది. అలా రుణం ఆయన పేరున, రసీదు ఆయన పేరున తయారవుతాయి. సంచిలో వేసి సీలు వేసింది మాత్రం ఆమె సరుడు. రేపు విడిపించాలన్నా సంతకం ఆయనదే కావాలి. గడువు దాటితే వేలం నోటీసు వచ్చేదీ ఆయన పేరుకే.

స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ బల్ల దగ్గర ఆమె చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. అడిగారు, ఇచ్చింది. కళ్లముందు చేను ఎండుతుంటే ఏ ఇల్లాలు కాదనగలదు?

ఎకరం అమ్మాలంటే కొనేవాడు దొరకాలి, అన్నదమ్ములు ఒప్పుకోవాలి, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కాలి, ఊళ్లో తలవంపులు. బంగారానికి గంట చాలు. కరువు ఇల్లంతటి మీదా పడుతుంది గాని, ఇంట్లోంచి ముందుగా గడప దాటేది ఆమె సొత్తు. 2020 ఆగస్టులో, కోవిడ్ కష్టానికి ఊరటగా, వ్యవసాయేతర అవసరాలకు నగల విలువలో నూటికి 75 వరకే అప్పివ్వాలన్న పరిమితిని రిజర్వ్ బ్యాంకు 90కి పెంచింది. అది 2021 మార్చి దాకా నడిచింది. ఇళ్లకు డబ్బు అందింది, మంచిదే. ఆ డబ్బుకు హామీగా బ్యాంకుల ఇనప్పెట్టెల్లో పడింది ఆడవాళ్ల మెడల్లోని బంగారమే.

ఆ సరుడు ఆమెకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంటుందని 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఆమె పుట్టింట్లో మాత్రం పొలం అన్నలు పంచుకున్నారు. "నీకు పెట్టాల్సింది పెళ్లిలోనే పెట్టినాం కదమ్మా" అన్నారు. పెట్టింది ఈ బంగారమే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో మహిళల పేరిట నడిచేవి నూటికి 14. పొలానికి బదులుగా వచ్చిన సరుడు ఇప్పుడు ఇంకొకరి పొలం కోసం పోతోంది.

రాత్రి తొమ్మిది. తిరుచెంగోడు బోరు లారీ చేలో నిలబడి ఉంది. కంప్రెసరు మోతకు మాట వినపడదు. రాతి పొడి తెల్లగా లేచి మీ పెదవుల మీద ఉప్పగా అంటుకుంటుంది. ఆమె గట్టు మీద నిలబడి దిగే ఒక్కో రాడ్డునూ లెక్కపెడుతోంది. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. నాలుగు వందలు. పొడే. ఐదు వందలు. పొడే. ఆరు వందలు దాటాక పొడి ముద్దగా మారింది, తరువాత బురద చిమ్మింది. సన్నటి ధార.

"పడినాయి!" అని అరుస్తాడు భర్త. ఆమె కూడా నవ్వింది, నిజంగా సంతోషపడింది. ఆ నీళ్లతో ఈ పంటయినా గట్టెక్కుతుంది. బోరు పడిన ఎకరానికి ధర పెరుగుతుంది. ఆ ఎకరం ఎవరిదో పాసుపుస్తకంలో ఉంది. నీళ్లు పడకపోయుంటే నష్టం ఎవరిదో రసీదులో లేదు.

మర్నాడు పొద్దున పొదుపు సంఘం సమావేశం. సంఘం అప్పుతో కొన్న ఎనుమును, మేత దొరక్క, పోయిన నెలే అమ్మేశారు. ఆ డబ్బు విత్తనాల బాకీకి పోయింది. ఎనుము కోసం తెచ్చిన అప్పు మాత్రం పుస్తకంలో ఆమె పేరు కిందే ఉంది. ఆమె కట్టకపోతే చాప మీద కూర్చున్న మిగతా తొమ్మిది మందీ కట్టాలి.

"అక్కా, ఈ నెల కంతు?" అంటుంది లీడరు, గొంతు తగ్గించి.

"రెండు మేకలుండాయి కదా. శనివారం సంతకు తోలుకపోతా."