తనివి తీరడం: ఒక మాట వెనుక చరిత్ర

కోరిక నెరవేరినప్పుడు మనసుకు కలిగే నిండుదనాన్ని బడి పుస్తకాలు ఎక్కువగా తృప్తి అంటాయి. అది సంస్కృతం నుంచి వచ్చిన మాట. 'తృప్' అనే ధాతువు దాని మూలం. పితరులకు నీళ్లు వదిలే తర్పణం కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. పోయిన పెద్దలను తృప్తిపరచడమని దాని అర్థం.

మా కొండరెడ్లకు తెలుగే తల్లిభాష. మేమూ పెద్దలకు పెట్టకుండా కొత్త మామిడికాయ నోట పెట్టుకోం. ఆచారం వేరైనా, పెద్దల తృప్తి ముందు, మన తృప్తి తర్వాత అన్న ఆలోచన రెండుచోట్లా ఉంది.

తృప్తికి తెలుగులో సొంత మాట తనివి. 'తనియు' అనే క్రియకు తృప్తిపడడమని అర్థం. తమిళంలో 'తణి' అంటే వేడి, కోపం, దాహం తగ్గి చల్లారడం. 'తణ్' అంటే చల్లన. నీళ్లను వాళ్లు తణ్ణీర్ అంటారు. కన్నడంలో 'తణి' అంటే చల్లబడడం, తృప్తిపడడం కూడా. అంటే మన పూర్వులకు కోరిక ఒక వేడి, అది చల్లారితే తనివి. 'నీ కడుపు చల్లగా' అని మన ముసలమ్మలు దీవించడంలో ఈ ఆలోచనే ఉంది.

తనివి పక్కన వచ్చే మాట 'తీరు'. ముగియడమని దాని అర్థం. తమిళ, కన్నడాల్లోనూ ఇదే మాట ఉంది. దాహం తీరుతుంది, ఆకలి తీరుతుంది, మొక్కు తీరుతుంది. అప్పు కూడా తీరాలి. మా జాతి చరిత్రలో తీరనిది ఈ అప్పే.

హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో గోదావరి ఒడ్డు రెడ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. కలప వ్యాపారుల దగ్గర తీసుకున్న బాకీకి రెడ్లు అడవి పనిలో ఎలా కట్టుబడిపోయారో అందులో ఉంది. లెక్క రాసేవాడు వ్యాపారి, చదవలేనివాడు కూలివాడు. అలాంటప్పుడు బాకీ తీరిందని చెప్పేదెవరు?

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. కట్టుబానిస బాకీ వసూలుకు అంతకుముందు ఇచ్చిన కోర్టు డిక్రీలన్నీ పూర్తిగా తీరినట్టే లెక్కించాలని అందులో రాశారు. ఇంగ్లీషు చట్టంలో ఆ చోట వాడిన మాట 'శాటిస్‌ఫైడ్'. తృప్తికీ ఇంగ్లీషులో అదే మాట. 'చాలు' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి అది వచ్చింది. కోరిక తీరడం, బాకీ తీరడం ఒకే మాటలో కలవడం తెలుగుకు మాత్రమే చెందిన వింత కాదన్నమాట.

అందుకే మేము తరగతిలో తృప్తితోపాటు తనివిని, తీరడాన్ని కూడా చెబుతున్నాం. ఇంట్లో మాట్లాడేది మోటు మాట అనుకుని మా పిల్లలు నోరు విప్పడానికి జంకుతున్నారు. ఆ మాటలకు తమిళ, కన్నడాల్లో చుట్టాలున్నారని తెలిస్తే వాళ్ల జంకు కొంత తగ్గుతుంది. దాంతోపాటు లెక్కలూ నేర్పుతున్నాం. ఏ బాకీ ఎప్పుడు తీరిందో ఇకమీదట వాళ్లే రాసుకోవాలి.