ముందు ఊపిరి చూడు

1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫాం పీల్చిన నిమిషాల్లోనే కన్నుమూసింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఆ వాదం నలభై ఏళ్లు సాగి హైదరాబాదు చేరింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకటి, ఆరవ నిజాం డబ్బుతో 1889లో మరొకటి క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది మూగజీవాలు బలయ్యాక, ఊపిరే ముందు ఆగుతుందని, నాడి కన్నా శ్వాసనే చూడాలని తేల్చారు. గుండె విషయంలో లారీ పొరబడ్డాడని 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు చూపాయి. కానీ పసిపిల్లల దగ్గర లారీ మాటకు నేటికీ విలువుంది. వాళ్లలో గుండె ఆగడానికి ముందు చాలాసార్లు ఆగేది ఊపిరే.

అదే కాలంలో ఇక్కడి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటాం. అమెరికాలో ఈ పని నర్సులూ చేపట్టారు. మన దగ్గర మత్తివ్వడం డాక్టర్ల బాధ్యత, పక్కన నిలబడి ఊపిరి ట్యూబు అందించేది సిస్టరో టెక్నీషియనో.

ఆ అందించే చేతికీ చాలా తెలియాలి. శిశువుకు తల పెద్దది, నాలుక పెద్దది, స్వరపేటిక పైకి ఉంటుంది. కిలో బరువుకు పెద్దవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు ఆక్సిజన్ కావాలి, అందుకే ఊపిరి ఆగితే చూస్తుండగానే నీలిబారతారు. కఫ్ లేని ట్యూబు సైజుకు వయసును నాలుగుతో భాగించి నాలుగు కలపాలన్న లెక్క రెండేళ్లు దాటిన పిల్లలకే. నెలల బిడ్డకు అది పనికిరాదు.

జంతువుల మీద కాక బొమ్మల మీద నేర్చుకునే రోజులు తర్వాత వచ్చాయి. 1960లో నార్వే బొమ్మల తయారీదారు లేర్డాల్ ఊపిరూదడం నేర్పే బొమ్మ చేశాడు. మత్తు డాక్టర్లకు ట్యూబు వేయడం నేర్పే కంప్యూటర్ బొమ్మ ‘సిమ్ వన్’ 1967 నాటికి కాలిఫోర్నియాలో సిద్ధమైంది. మన నగరంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ, సిబ్బందికి బొమ్మల మీద సాధన అలవాటు చేసింది.

పిల్లలకు ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రిలో సిస్టర్ల కోసం శిశువు బొమ్మ ఒకటుండాలని నా గట్టి అభిప్రాయం. పెద్దల బొమ్మ మీద తల వెనక్కి వంచడం అలవాటైన చెయ్యి, శిశువుకూ అలాగే వంచి ఊపిరి దారి మూసేస్తుంది. ఒక్కసారి నేర్పితే నెలల్లో మరిచిపోతారు. మాస్కు గట్టిగా పట్టడం, సాయానికి కేకేయడం రాత్రి డ్యూటీవాళ్లతో సహా అందరికీ మూడు నెలలకోసారి చేయించాలి.