కమలా తోటలను ఎండబెట్టిన పురుగు

నాగపురంలో కాపురముంటున్న మన తెలుగువారికి కమలాపండు పరాయిది కాదు. ఉగాది వేళకు మృగ్ బహారు కాయ బజారులో ఇంకా దొరుకుతూనే వుంటుంది. స్వగ్రామానికి బయలుదేరితే బుట్టెడు కమలాలు వెంట తీసుకుపోనివారు మనలో అరుదు. ఈ చెట్టును పద్ధెనిమిదవ శతాబ్దంలో రఘూజీ భోంస్లే ఔరంగాబాదు నుంచి తెప్పించి నాటించాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. అటువంటి చెట్టు కొమ్మకొమ్మగా ఎండి కొన్నేళ్ళలో మోడైపోవడం విదర్భ రైతులకే కాదు, కొడగులోను, మన రాయలసీమ బత్తాయి తోటలలోను గూడ చిరకాలంగా తెలిసిన దుఃఖమే. నేల మంచిది కాదన్నారు, నీరు నిలిచిందన్నారు, ఎరువు చాలలేదన్నారు. ఏమీ తోచకపోతే రైతు సోమరి అన్నారు. ఆ కారణాలలో కొన్నిటికి బలం లేకపోలేదు. అయితే చాల చోట్ల అసలు దోషి ఆకుమీద కూర్చున్న నువ్వుగింజంత పురుగు అని తేలడానికి ఎంతో కాలం పట్టింది. ఆ కథను మాకు తెలిసినంతలో ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ పురుగును సిల్లా అంటారు. 1908లో కువయామా అనే జపాను శాస్త్రజ్ఞుడు తైవాను ద్వీపపు పురుగులను పరిశీలించి దీనికి డయాఫోరినా సిట్రి అని పేరు పెట్టాడు. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెక్కలమీద గోధుమరంగు మచ్చలు. తల ఆకుకు ఆనించి, వెనుక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. ఒకసారి చూసినవారు మరల పోల్చుకోగలరు. గుడ్లు లేత చిగురుమీదనే పెడుతుంది. ముదురాకు దానికి పనికిరాదు. పిల్ల పురుగులు తెల్లని మైనపు దారాలు వదులుతూ చిగురు రసం పీలుస్తాయి.

మన దేశంలో దీనిని శ్రద్ధగా పరిశీలించినవారు పంజాబులోని లాయల్‌పూరులో పనిచేసిన అఫ్జల్ హుసేన్, దీనానాథ్ గారలు. వారి గ్రంథం 1927లో వెలువడింది. పురుగు జీవితమంతా అందులో వున్నది. ఒక ఆడపురుగు ఎనిమిదివందల గుడ్లవరకు పెట్టగలదని లెక్కించారు. పురుగు పట్టిన చెట్లు ఎలా క్షీణిస్తాయో గూడ వ్రాశారు. కాని ఆ నష్టమంతా పురుగు కాటువల్లనే అనుకున్నారు. పురుగు ఒక రోగాన్ని మోసుకు తిరుగుతున్నదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. వారు వర్ణించిన లక్షణాలలో కొన్ని ఆ రోగానివే అయివుండాలని తరువాతివారు అభిప్రాయపడ్డారు. చేతికందిన దొంగను చూసి గూడ వాడి సంచి విప్పి చూడలేదన్నమాట! ఇందులో వారిని తప్పు పట్టడానికి లేదు; ఆనాటి పనిముట్లు అంతే.

సంచి విప్పే పని చైనాలో మొదలైంది. అక్కడి రైతులు ఈ తెగులును హువాంగ్‌లాంగ్‌బింగ్ అనేవారు. "పసుపు డ్రాగను జబ్బు" అని పరదేశీయులు అర్థం చెప్పారుగాని, అక్కడి పల్లెభాషలో అది పసుపుబారిన చిగురు జబ్బేనట. పచ్చని చెట్టులో ఒక్క కొమ్మ మాత్రం పసుపుబారడం దాని మొదటి గుర్తు. లిన్ కుంగ్ సియాంగ్ గారు 1941 నుంచి పదిహేనేళ్ళు శ్రమపడి, ఇది నీటివల్ల నేలవల్ల వచ్చేది కాదని, అంటు కడితే ఒక చెట్టునుంచి ఇంకొక చెట్టుకు సోకుతుందని 1956లో ప్రకటించారు. దక్షిణాఫ్రికాలో కాయ అడుగుభాగం పండక పచ్చగానే వుండిపోవడం చూసి దీనికే గ్రీనింగ్ అని పేరుపెట్టారు. అక్కడ దానిని మోసేది వేరొక జాతి సిల్లా అని మెక్లీన్, ఓబర్‌హోల్జర్ గారలు 1965లో నిరూపించారు.

మన డయాఫోరినా నేరం రుజువైనది పూనాలో. కపూర్, రావు, విశ్వనాథ్ గారలు రోగపు చెట్టుమీద మేసిన పురుగులను మంచి మొక్కలమీద వదిలి, ఆ మొక్కలకు రోగం రావడం చూసి 1967లో ప్రకటించారు. అదే ఏడు ఫిలిప్పీన్సులో గూడ ఇదే తేలింది. ముదిరిన పిల్ల పురుగులు రోగాన్ని పట్టుకోగలవని, ఒకసారి పట్టుకున్న పురుగు బ్రతికినంతకాలం దానిని పంచుతుందని పూనావారే తరువాత చూపారు. అనగా రోగపు చెట్టును తోటలో వుంచుకోవడం, రోగపు చెట్టునుంచి కన్ను తీసి అంటు కట్టడం రెండూ ఒకే ఫలితాన్నిస్తాయి. తెలియక ఆ రెంటినీ తరతరాలుగా చేస్తూ వచ్చారు.

రోగకారకం వైరసు అనే అందరూ భావించారు. 1970లో లాఫ్లెష్, బోవే అనే ఫ్రెంచివారు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో బెరడులోని ఆహారనాళాలను చూసి అక్కడ సూక్ష్మజీవులను కనుగొన్నారు. అది బాక్టీరియా అని నిశ్చయమై 1994లో నామకరణం జరిగింది.

మన పెరటి కరివేప గూడ సిల్లాకు ఇష్టమైన చెట్టే. అందుచేతనే కాలిఫోర్నియాలో, పురుగు వున్న ప్రాంతాలనుంచి కరివేప మొక్కలను బయటికి తీసుకుపోవడంపై ఆంక్షలు పెట్టారు. అక్కడ స్థిరపడ్డ మనవారికి ఇది కొంత కష్టంగానే వుంటుంది. కాని ఆ దేశపు భయం ఊరకనే కాదు. ఫ్లోరిడాలో సిల్లా 1998లోను, రోగం 2005లోను బయటపడ్డాయి. 2003–04లో 24 కోట్ల పెట్టెలకు పైగా నారింజ పండిన ఆ రాష్ట్రంలో 2023–24లో రెండు కోట్ల పెట్టెలు గూడ రాలేదు. తుపానులు కొంత చెరిచినా, ప్రధాన కారణం ఈ రోగమే.

మందు చల్లడమొకటే మార్గం కాదు. సిల్లా పిల్లను తినే టమారిక్సియా అనే చిన్న కందిరీగ జాతి వున్నది. పిల్ల పురుగు కడుపు క్రింద గుడ్డు పెడుతుంది. పొదిగిన పురుగు దానిని తిని, వీపుకు రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. వాటర్‌స్టన్ గారు దీనిని 1922లోనే పంజాబునుంచి వర్ణించారు. రీయూనియన్ ద్వీపంలో 1978లో వదిలితే సిల్లా బాగా అణగింది. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఈ కందిరీగలకోసం బయలుదేరి పోయినది ఎక్కడికో కాదు, నేడు ఫైసలాబాదు అని పిలవబడుతున్న ఆ లాయల్‌పూరు తోటలకే. అక్కడ పట్టిన వాటిని పెంచి, పరీక్షించి, 2011 డిసెంబరులో మొదటిసారి తమ తోటలలో వదిలారు.