గానవిద్యలో ప్రథమ పాఠము
కర్ణాటక సంగీతమున శిష్యునకు తొలుత నేర్పబడునది కీర్తన కాదు, స్వరము. ఈ క్రమమునకు మూలము నాదతత్త్వము. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆశ్రయమందున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నాదోత్పత్తిని వివరించెను: ఆత్మ మనస్సును, మనస్సు దేహాగ్నిని, అగ్ని ప్రాణవాయువును ప్రేరేపించును, ఆ వాయువు నాభినుండి ఊర్ధ్వముగా పయనించి ముఖమున ధ్వనియగును.

సరళీస్వరముల అభ్యాసక్రమమును 16వ శతాబ్దమున పురందరదాసు ఏర్పరచెనని సంప్రదాయము. అందులకు ఎన్నుకొనబడిన మాయామాళవగౌళ నేటి 72 మేళకర్తలలో 15వది. దీని పూర్వోత్తరాంగములు సమానములు. షడ్జ ఋషభముల నడుమ ఎంత అంతరమో, పంచమ ధైవతముల నడుమను అంతే. గాంధార మధ్యమముల అంతరమే నిషాద తారాషడ్జములకును. కావున పూర్వాంగమున చెవికి పట్టిన అంతరము ఉత్తరాంగమునకు దీపమగును.

శిష్యుడు ముందు తంబురాశ్రుతిలో షడ్జమును నిలుపును. పిదప ఆదితాళపు 8 అక్షరములకు ఆరోహణావరోహణములను మూడు కాలములయందు పాడును. కాలము పెరిగినను శ్రుతి చలింపరాదు. సాహిత్యము లేని ఈ పాఠమున దోషమును దాచుటకు తావు లేదు. నాదము మనస్సునుండి బయలుదేరునది గనుక, షడ్జము చలించినప్పుడు గురువు వేగమును తగ్గించి, శిష్యుని అవధానమునే ముందు నిలుపును. తన ధ్వనిని తాను వినుటయే తొలి సాధన.